రెండు వేళ్ల కత్తెర

ఆయన పోయిన మర్నాడు పేపర్లో వేశారు. "మన యాసను వెండితెర మీదికి తెచ్చిన తొలి నిర్మాత కన్నుమూత" అని హెడ్డింగు. కింద ఫొటో. ఆయన శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన మైకు పట్టుకుని, నోరు తెరిచి నిలబడిన ఆడమనిషిని నేను. "సన్మాన సభలో మన యాసలో ప్రసంగిస్తున్న నాటి కథానాయిక" అని నా గురించి ఒక లైను.

టిఫిన్ల దగ్గర ఆ పేపరు మా హాస్టల్ పిల్లల చేతులన్నీ తిరిగింది. "ఆంటీ, మీరు హీరోయినా!" అని ఒకటే గోల. దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాండు వెనక సందులో లేడీస్ హాస్టల్ నడుపుకునే మనిషి ఒకప్పుడు హీరోయినంటే ఎవరు నమ్ముతారు? ఉప్మా గిన్నె మీద మూత పెట్టి లోపలికి వెళ్లిపోయాను. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. ఆ మంచి పేపరువాళ్లు మాట్లాడేశారు కనుక మిగిలింది నేను మాట్లాడతాను.

ఆయన నిర్మాత అయింది ఒక్క సినిమాకే. దానికి ముందూ తర్వాతా ఎడిటరు. నల్గొండ దగ్గర పల్లె నుంచి కుర్రతనంలోనే మద్రాసు పారిపోయి, ఎడిటింగ్ రూములో తెగిన ఫిల్ములు అతికించే పనిలో చేరి, కత్తెర చేతికి వచ్చేదాకా ఓపిక పట్టిన మనిషి. బ్లాక్ అండ్ వైట్ రోజుల నుంచి ఎన్ని సినిమాలు కోశాడో ఆయనకే లెక్క తెలియదు. టైటిల్స్‌లో ఆయన పేరు పడే సమయానికి జనం ఇంకా టార్చిలైటు వెంబడి సీట్లు వెతుక్కుంటూ ఉండేవారు.

"మన పేరు ఎవడు సదవడు పిల్లా. సదవొద్దు గూడ. కోసినోడు కనవడితే కోత చెడ్డట్టే" అనేవాడు.

పొట్టిగా ఉండేవాడు. గీతల చొక్కా, జేబులో ఎర్ర మైనపు పెన్సిలు. ఫిల్ము మీద ఎక్కడ కోయాలో గుర్తు పెట్టుకునే పెన్సిలు అది. పని మానేశాక కూడా జేబులోంచి తీయలేదు. పొద్దున్నే పేపరు ముందేసుకుని అనవసరమైన మాటలన్నీ దానితో కొట్టేస్తూ కూర్చునేవాడు. పెద్ద పెద్ద నాయకుల ఉపన్యాసాలు ఆయన చేతిలో రెండు ముక్కలయ్యేవి. ఎడమ చేతికి తెల్లటి నూలు గ్లవుజు తొడుక్కుని పనిచేసిన అలవాటు వల్ల ఆ చెయ్యి కుడిచేతి కంటే ఒక వన్నె తక్కువ నలుపు. ఇంటావిడ ఆ చేతిని "మద్రాసు చెయ్యి" అనేది.

ఆవిడ అంతకు మించి పెద్ద మాటలు మాట్లాడగా నేను వినలేదు. మాట్లాడనిచ్చేవాడు కాదు. ఎవరు ఏం చెబుతున్నా కాస్త సాగదీశారనిపిస్తే చాలు, చూపుడువేలు, నడిమివేలు కత్తెరలా చేసి రెండుసార్లు ఆడించేవాడు. పెళ్లిలో పంతులు మంత్రాలు లాగిస్తుంటే కుర్చీ చాటున ఆ వేళ్లు ఆడేవి. కూరగాయల బండివాడు బేరం పెంచితే ఆడేవి. చూసినవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను చాలాకాలం.

నన్ను సినిమాలోకి తెచ్చిందీ ఆయనే. అది కాదనను. నేనప్పుడు నల్గొండలో ఒక నాటక బృందంలో ఉన్నాను. మైకులు లేని ఊళ్లలో ఆడేవాళ్లం. చెరువు అవతల పడుకున్నవాళ్లు కూడా లేచి కూర్చోవాలి, అంత గొంతు ఉంటేనే వేషం ఇచ్చేవాళ్లు. ఒకనాడు రిహార్సల్లో శ్రుతి తప్పించిన హార్మోనియం మనిషిని నేను తిడుతున్నాను. తిట్లంటే మామూలు తిట్లు కావు, వాడి తాత ముత్తాతలు పేరుపేరునా లేచి వచ్చారు. పక్కింట్లో మేనల్లుడి పెళ్లికి వచ్చి భోంచేస్తున్న ఈయన, ఎంగిలి చేత్తోనే గోడ దాటి వచ్చాడు.

"ఎవలమ్మా తిట్టింది?"

భయపడి నేను కాదన్నాను.

"అబద్ధమాడకు. గింకోసారి తిట్టు" అన్నాడు.

ఆయన పని చేసే పద్ధతి తెలిస్తే ఆ మాట విలువ తెలుస్తుంది. రీలు ఏదైనా ముందు సౌండు లేకుండా చూసేవాడు. మూగగా చూసినప్పుడు కథ అర్థమైతేనే అది సినిమా అనేవాడు. మాటలు, పాటలు అన్నీ తర్వాత. అలాంటి మనిషి "నా సర్వీసుల మొదటిసారి బొమ్మ సూడకుండ గొంతు ఇన్న" అన్నాడు. నీ గొంతు కోసమే సినిమా తీస్తా అన్నాడు. ఊరి పొలం అమ్మి, మద్రాసులో తెలిసినవాళ్లందరినీ బతిమాలి, నిజంగానే తీశాడు. దర్శకుడు ఎవరో కుర్రాడు, పేరుకే. షాటు షాటుకూ ఈయనే.

షూటింగు మా పక్క ఊళ్లోనే జరిగింది. అక్కడ ఆయన ఇంకో మనిషి. మద్రాసులో "అమ్మాయ్, అలా కాదు, ఇలా చూడు" అనే నోరు, ఇక్కడ "గట్ల గాదు పిల్లా, జర మెడ ఎత్తు" అనేది. నన్ను అమ్మాయ్ అంటే మద్రాసు మనిషి, పిల్లా అంటే మా మనిషి. ఏ పిలుపు వస్తుందో చూసుకుని దగ్గరికి వెళ్లడమో, దూరంగా ఉండడమో చేసేదాన్ని. ఓసారి చెట్టు కింద అన్నం తింటూ చెప్పాడు.

"ఆడ మన మాట మాట్లాడితే నవ్వుతరు పిల్లా. మనోడు తెర మీదికొస్తే తాగుబోతో, దొంగనో, నౌకరో అయి ఉంటడు. నా చేత్తోనే కోసిన, నా చేత్తోనే అతికిచ్చిన. నోరు మూస్కున్న. ఇగ ఈ సినిమాల హీరోయిన్ మాట్లాడతది. నవ్వుమను సూద్దాం."

ఆ మాటకు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన మొహంలో కోపం చూశాను. అంత అందమైన కోపం నేను మళ్లీ చూడలేదు. కానీ ఆ రోజే ఇంకో మాట కూడా అన్నాడు. అది గొప్పలు చెప్పుకోవడం అనుకుని వదిలేశాను.

"డైరెక్టరు నోరు తెరవకముందే కోసి పెడుత నేను. ఆయన ఏది తియ్యమంటడో నాకు ముందే ఎర్క. అందుకే గింతకాలం బతికిన ఆడ."

డబ్బింగుకు నన్ను మద్రాసు తీసుకెళ్లారు. చల్లటి గది, ముందు తెర, తెర మీద నేను. నా పెదాలకు నా మాటలు నేనే అందించాను. అయిపోయాక ఆయన అద్దం అవతల నుంచి చెయ్యెత్తి దండం పెట్టాడు. మా ఊరికి వచ్చి అందరికీ చెప్పుకున్నాను, మన మాట మద్రాసు పోయింది, పెట్టెలో భద్రంగా ఉంది అని.

సినిమా రిలీజైన రోజు నల్గొండలో మార్నింగ్ షోకి మా అమ్మను తీసుకెళ్లాను. మొదటి సీన్లో నేను కుండ నెత్తిన పెట్టుకుని వస్తాను. వచ్చాను. నోరు తెరిచాను. "ఏవండోయ్, కాస్త దారి ఇస్తారా?" అంది తెర మీద నేను. ఎవరిదో తేనె రాసినట్టున్న గొంతు. వినడానికి చాలా బాగుంది. నాది కాదు.

మా అమ్మ నా వైపు తిరిగి చూసి, మళ్లీ తెర వైపు చూసి, నా చెవి దగ్గర అడిగింది.

"గా మాట్లాడేది ఎవలు బిడ్డా?"

సినిమా అయ్యేదాకా ఆమె మళ్లీ ఏమీ అడగలేదు. నా గొంతే కాదు, సినిమాలో ఊరివాళ్లందరి గొంతులూ అట్లాగే మార్చేశారు, ఒక్కడిది తప్ప. కల్లు తాగి గోడ పట్టుకుని నడిచే వేషం ఒకటుంది. వాడి మాట మాత్రం మన మాటే ఉంచారు. హాలంతా వాడికే నవ్వింది.

మద్రాసు వెళ్లి అడిగాను. అమ్మాయ్ అన్నాడు. "అమ్మాయ్, వ్యాపారం అది. ఆంధ్రా డిస్ట్రిబ్యూటర్లు ఒప్పుకోలేదు. బొమ్మ నీదేగా, ఎక్కడికి పోతుంది?" అన్నాడు. నా గొంతు ఉన్న టేపు ఇవ్వమన్నాను, ఇంట్లో దాచుకుంటానన్నాను. ఆయన తల దించుకున్నాడు. టేపులు స్టూడియోవాళ్లవి, చెరిపేసి మళ్లీ వాడతారు. నా మాటల మీద వేరే సినిమా క్లబ్బు పాట రికార్డు చేసేశారట. ఇంతా చేస్తే ఆ సినిమా వారం కూడా ఆడలేదు. ఆయన మళ్లీ పరాయి సినిమాలు కోసుకోవడానికి వెళ్లిపోయాడు. నాకు ఇంకో వేషం రాలేదు. నాటకాలకూ పోలేదు. స్టేజీ మీద నోరు తెరిస్తే ఆ తేనె గొంతు వస్తుందేమోనని భయం వేసేది. ఇప్పుడు ఇది రాయడానికి కూర్చుంటే కూడా పుస్తకాల తెలుగే వస్తోంది చూడండి.

చాలా ఏళ్ల తర్వాత చైతన్యపురి స్టాపులో బస్సెక్కితే, ముందు సీట్లో ఆ ఎర్ర పెన్సిలు కనబడింది. సినిమా హైదరాబాదు వచ్చింది, వెనకాలే ఆయనా వచ్చాడు. ఎల్బీనగర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. కోత కంప్యూటర్ల మీదికి పోయాక ఆయన్ని పిలిచేవాళ్లు లేరు. అప్పటికి నా భర్త పోయి నేను హాస్టల్ పెట్టుకున్నాను. అప్పుడప్పుడు వచ్చి చాయ్ తాగి పోయేవాడు. పాత సంగతి ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. కోపం చల్లారిందని కాదు. ఆ సినిమా చూసిన మనిషి లోకంలో ఇంకొకరు మిగిలారు కదా అని చాయ్ పోసేదాన్ని.

ఉద్యమం వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాలో హైవే మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. నేనూ మా పిల్లలతో కలిసి పెద్ద గిన్నెలు మోసుకెళ్లాను. ఆ రోజు మైకుల్లో మన మాట వింటుంటే గుండె పొంగింది, దాచుకోను. అదే పొయ్యి దగ్గర ఆయన కనబడ్డాడు. చుట్టూ పదిమంది కుర్రాళ్లు. "ఆంధ్రోళ్లు నా హీరోయిన్ గొంతు కోసిండ్రు బిడ్డా. నా కండ్ల ముంగటనే కోసిండ్రు" అని చెబుతున్నాడు. కుర్రాళ్ల పళ్లు పటపటమంటున్నాయి. నన్ను చూసి "అగో, గామెనే" అన్నాడు. అందరూ నాకు దండం పెట్టారు. ఇన్నేళ్లకు నా మాట ఎత్తాడు కదా అని ఆ పూట నేనూ కరిగిపోయాను.

కానీ బందుల వల్ల కోచింగులు మూతపడి, మా హాస్టల్లో ఉండే తెనాలి అమ్మాయిని ఇంటికి తీసుకెళ్లడానికి వాళ్ల తాతగారు వచ్చారు. ఎనభై దాటిన మనిషి. బస్సు దొరికేదాకా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. మాటల్లో ఆయన ఒకప్పుడు విజయవాడలో సినిమాలు పంపిణీ చేసేవారని తెలిసింది. మా సినిమా పేరు చెప్పాను. ఆయన గుర్తుపట్టారు. కొన్నది వాళ్లే.

"నా గొంతు ఎందుకు తీసెయ్యమన్నరండీ?" అని అడిగాను.

ఆయన కప్పు కింద పెట్టారు. "మేమా? మేమెందుకంటామమ్మా! మా దాకా వచ్చిన ప్రింటులోనే ఆ డబ్బింగు అమ్మాయి గొంతు ఉంది. మీ గొంతు మేం విననే లేదు, విననిస్తేగా? మేం అడిగింది ఒక్కటే, రెండో పాట బాగోలేదు, తీసెయ్యవయ్యా అని. దాన్ని మాత్రం ఉంచాడు మహానుభావుడు."

ఆ పెద్దాయన అబద్ధం చెప్పే వయసులో లేరు. చెప్పి ఆయనకు ఒరిగేదీ లేదు. మనవరాలి సంచి పట్టుకుని మెట్లు దిగుతూ "విని ఉంటే ఒప్పుకునేవాళ్లమో లేదో నాకూ తెలీదమ్మా" అని కూడా అన్నారు. ఆ నిజాయితీ చూశాక ఇంక నాకు అనుమానం మిగల్లేదు.

ఆ వారమే సన్మానం. ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాలు. నన్ను రమ్మని ఆయనే స్వయంగా వచ్చి పిలిచాడు. "నువ్వు జరసేపు మాట్లాడాలె పిల్లా" అన్నాడు. మాట్లాడతానన్నాను.

పొద్దున్నుంచే హాలు నిండిపోయింది. పాటలు, డప్పులు. సన్మానం ఆయనకే అయినా ఆయన ఊరికే కూర్చోలేదు. స్టేజీ పక్కన బల్ల వేసుకున్న మైకు మనిషిని అప్పటికే మచ్చిక చేసుకున్నాడు. వక్తల్లో ఎవరైనా సాగదీస్తే ఈయన రెండు వేళ్లు ఆడించేవాడు, ఆ మనిషి మైకు కట్టేసేవాడు, హాలంతా నవ్వేది. ఆగిపోయిన వక్త కూడా నవ్వుతూ దండం పెట్టి దిగిపోయేవాడు. తర్వాత మా సినిమాలోంచి ఒక ముక్క తెర మీద వేశారు. సౌండు తీసేసి వేయమని ఆయనే చెప్పాడట. మూగగా నేను కుండ నెత్తిన పెట్టుకుని వచ్చాను. హాలంతా చప్పట్లు.

నన్ను పిలిచారు. మైకు అందుకున్నాను. ఎన్నేళ్లకో జనం ముందు నోరు తెరిచాను. తేనె గొంతు రాలేదు. నాదే వచ్చింది. కొంచెం బొంగురుపోయింది, అంతే.

"ఈ సినిమాల నా గొంతు లేదు. తీసేసిండ్రు."

షేమ్ షేమ్ అని అరిచారు. నేను చెయ్యెత్తి ఆపమన్నాను.

"తీసేసిందెవలో ఇయ్యాల జెప్త. ఆంధ్రోళ్లు గాదు. ఆళ్లు అడగనే లేదు…"

కంటి చివర కనబడింది. శాలువా లోంచి చెయ్యి బయటికి వచ్చింది. రెండు వేళ్లు ఆడాయి. మైకు ఆగిపోయింది.

నేను ఆగలేదు. మైకు లేకుండానే చెప్పాను, చెరువు అవతలికి వినిపించే గొంతుతో చెప్పాననే అనుకున్నాను. కానీ మైకు ఆగడంతోనే ఎవరో నినాదం ఎత్తుకున్నారు, హాలంతా అందుకుంది. ఆ నినాదం నాకూ ఇష్టమైనదే. దానిలోనే నా గొంతు మునిగిపోయింది. ముందు వరుసవాళ్లు నేనూ నినాదం ఇస్తున్నాననుకుని ఇంకా గట్టిగా అందుకున్నారు. పేపర్లో వేసిన ఫొటో అప్పుడు తీసిందే.

తర్వాత ఓరోజు మధ్యాహ్నం మామూలుగా చాయ్‌కి వచ్చాడు. పోయలేదు. ఎదురుగా కూర్చుని అడిగాను.

"ఎవలడిగిండ్రు సార్?"

వేళ్లు లేచాయి. నేను ఆ రెండు వేళ్లూ నా గుప్పిట్లో పట్టుకున్నాను. అంత పెద్దమనిషి చెయ్యి అట్లా పట్టుకోవడం తప్పే. విడిపించుకోలేదు ఆయన. నా గుప్పిట వైపే చూస్తూ చెప్పాడు.

"ఎవ్వడు అడగలే పిల్లా. అడుగుతరనుకున్న."

"అడిగినంక కోస్తే కాదా?"

"అడిగిచ్చుకునే అలవాటు లేదు నాకు."

"గిదే మాట గా మైకుల జెప్తే మీ శాలువ గుంజుకుంటరా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు, రీలు చూసుకుంటున్నట్టు. "లేదు. కానీ అది ఆడ అతకదు పిల్లా" అన్నాడు.

వేళ్లు వదిలేశాను. లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు, నేనూ పోలేదు. పోయాడని తెలిసినప్పుడు గడ్డిఅన్నారం మార్కెట్లో పిల్లల కోసం బత్తాయిలు ఏరుతున్నాను. ఏరడం ఆపకుండానే విన్నాను. మనిషి మీద జాలి లేదా అంటే ఉంది. ఆయన నోరు నొక్కినవాళ్లు మద్రాసులో చాలామందే ఉండి ఉంటారు. కానీ వాళ్లు నా ఎదుటికి రాలేదు. నా గొంతు దగ్గరికి వచ్చిన చెయ్యి ఆయనదే, మా మనిషిదే. అందుకే క్షమించలేకపోతున్నాను.

ఆ పేపరు చూసిన రోజే వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎవరో కుర్రాడు, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "చెప్పండి మేడమ్, మీ మాటల్లోనే వేస్తాం, రేపే వేస్తాం" అన్నాడు. తడబడకుండా, సాగదీయకుండా, ఆయనకు నచ్చేంత పొట్టిగా చెప్పాను.

"నన్ను సినిమాలకు తెచ్చింది సారే. నా గొంతు తీసేసింది సారే. ఎవలు అడగకముందే తీసేసిండు. అది తప్పని తెల్సి గూడ ఆంధ్రోళ్ల మీద పెట్టిండు. సారు అసొంటి ఎడిటర్ మల్ల పుట్టడు."

రాసుకున్నాడు. చదివి వినిపించమంటే ఒక్క మాట పోకుండా చదివి వినిపించాడు కూడా.

మర్నాడు పొద్దున్నే, బందులు అయ్యాక మళ్లీ హాస్టల్‌కి తిరిగొచ్చిన ఆ తెనాలి అమ్మాయే పరుగెత్తుకుంటూ పేపరు తెచ్చింది. లోపలి పేజీలో చిన్న పెట్టె కట్టి వేశారు. నా మాటలే, మా యాసలోనే, నా పేరుతో సహా.

"నన్ను సినిమాలకు తెచ్చింది సారే. సారు అసొంటి ఎడిటర్ మల్ల పుట్టడు."

రెండుసార్లు చదివాను. అతుకు ఎక్కడా కనబడలేదు. సార్ ఉంటే ఎర్ర పెన్సిలు జేబులో పెట్టుకుని, బాగా కోశాడని మెచ్చుకునేవాడు.